లో గేరులో వచ్చిన పెండ్లికొడుకు

ఆ రోజుల్లో, అంటే మన రాజధాని ఇంకా కర్నూలులో డేరాల కింద కాపురం చేస్తున్న రోజుల్లో, నాకు ఇరవై ఏళ్ళు. ఆ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి, ముప్ఫైలో కొన్ని, యాభైలో కొన్ని. ఇప్పుడైతే నా చెప్పులు ఏ గుమ్మం దగ్గర విడిచానో కూడా నాకు తెలియడం లేదు. కానీ ఇరవై ఏళ్ళప్పుడు అన్నీ తెలుసు. ముఖ్యంగా జీపు నడపడం తెలుసు. ప్రొద్దుటూరులో బస్సు డ్రైవర్లను పక్కన పెడితే, స్టీరింగు పట్టుకున్న మగవాళ్ళను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ చేతిలో బొటనవేలు నేనని నా నమ్మకం. (మిగతా వేళ్ళు ఏమనుకునేవో నేనెప్పుడూ అడగలేదు.)

జీపు మా మేనత్తది. కాగితాల మీద మామది, మాట మీద అత్తది. మామ ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల మనిషి. ఒకసారి సరుకు కోసం మద్రాసు పోయి, మిలిటరీవాళ్ళు యుద్ధం నాటి పాత సామాను వేలం వేస్తున్నారంటే చూద్దామని పోయాడు. అక్కడ ఒక టార్పాలిన్ ఆయనకు నచ్చింది. నలిపి చూశాడు, గట్టి నేత. పాట పాడాడు, పాట దక్కింది. దాని కింద ఒక జీపు ఉందన్న సంగతి ఆ తర్వాత తెలిసింది. ఇంటికి తెచ్చాక అత్త చాలా రోజులు మామతో మాట్లాడలేదు. చివరికి ఒక పొద్దున జీపు చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి, "ఇంట్లో ఉండే జీవి ఏదైనా దాని మేత అది సంపాదించుకోవాల" అని, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పడం మొదలుపెట్టింది. బండి ఏ ఊరు పోతే అత్తా ఆ ఊరు పోయేది. "జీపుకు కాదు నేను కాపలా, ఎక్కినోళ్ళకు" అనేది.

నడిపేవాడు మా వీధి సాయబు, యుద్ధంలో మిలిటరీ బండ్లు తోలి వచ్చినవాడు. ఊరంతా మిలిటరీ మామ అని పిలిచేది. నాకు డ్రైవింగు నేర్పిందీ ఆయనే. ఆ జీపులో మామూలు గేరు కడ్డీ కాక పక్కన ఇంకో రెండు పొట్టి కడ్డీలుండేవి. మొదటిది వేస్తే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి. రెండోది వేస్తే బండి వేగం చచ్చి, దాని బదులు బలం పెరుగుతుంది. దాన్ని మిలిటరీ మామ 'లో' అనేవాడు. అత్తకు ఈ ఇంగ్లీషు పట్టలేదు. పెద్ద కోడలు, నడిపి కోడలు, చిన్న కోడలు అని మూడింటికీ పేర్లు పెట్టేసింది. "నడిపిది చెయ్యి పట్టుకుంటే గానీ చిన్నది గడప దాటదు" అని కూడా కనిపెట్టింది. ఆ జీపులో అది అక్షరాలా నిజం. ముందు చక్రాలను కలపకుండా 'లో' పడదు.

నాకు ఆ చిన్న కడ్డీ అంటే నామోషీ. అది వేస్తే బండి రైలింజను మాదిరి అరుస్తుంది, ముసలి ఎద్దు మాదిరి నడుస్తుంది. అంత అరిచి అంత మెల్లగా పోవడం ఇరవై ఏళ్ళవాడు చేసే పనేనా? పైగా పేరే 'లో'. పక్కన 'హై' అని ఒకటి దర్జాగా ఉండగా, 'లో' వేసుకునేవాడి బతుకు ఏం బతుకని నా వాదం. ఆ వాదం నేనెవరితోనూ చెయ్యలేదు. మనసులోనే చేసి, మనసులోనే గెలిచాను.

ఆ ఎండాకాలం జమ్మలమడుగు నుంచి ఒక పెళ్ళి బేరం వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి పత్తి వ్యాపారి, ఊళ్ళో అందరూ తొందరప్ప అనేవాళ్ళు. అన్నం వడ్డించేలోపు చెయ్యి కడుక్కుని లేచిపోయే రకం. పెళ్ళికొడుకు దానికి పూర్తిగా ఎదురు. అడిగితే తల ఊపుతాడు, అడగకపోతే అదీ లేదు. పెళ్ళికూతురిది పెన్న అవతల, పులివెందుల వైపు పోయే దారిలో ఒక పల్లె. ఆ పిల్ల మేనమామకు పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. ఆయన తన కొడుక్కే ఆ పిల్లను చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ ఉంటే, పిల్ల తండ్రి చదువుకున్న అల్లుడని జమ్మలమడుగు సంబంధం ఖాయం చేశాడు. మేనమామ పైకి సరేనన్నాడు గానీ రెండు షరతులు పెట్టాడు. పెళ్ళికొడుకు మోటారులో రావాలి. ముహూర్తానికి ముందే రావాలి. రెంటిలో ఏది తప్పినా తన కొడుకు అక్కడే ఉన్నాడు, తాళి అక్కడే ఉంది. అంటే ఆ పెళ్ళికి ఒక పెళ్ళికొడుకూ, ఒక స్టెప్నీ పెళ్ళికొడుకూ.

పెళ్ళి రేపనగా మిలిటరీ మామకు కూర్చోనివ్వని చోట సెగ్గడ్డ లేచింది. మంచం మీద బోర్లా పడుకుని నన్ను పిలిపించాడు. "బేటా, పెన్నలో ఇసక శానా ఉండాది. చెప్తా ఇను" అని మొదలుపెట్టి, ఇసుక సంగతి వస్తూనే ఎక్కడో ఎడారిలో తను కర్నలు దొర జీపును ఎట్లా దాటించాడో చెప్పడానికి పోయాడు. ఆ కథ నేను అంతకు ముందే చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ ఆ ఎడారి కొంచెం పెద్దదయ్యేది. అందుకని "ఊ" కొడుతూ, రేపు పెళ్ళిలో జీపు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఎడారికీ ఇంకో ఎడారికీ మధ్యలో ఆయన చెప్పిన అసలు మాటలు నా చెవిలో పడ్డాయి గానీ, లోపలికి పోలేదు.

తెల్లవారుతూనే ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు చేరుకున్నాం. బంధువులంతా ముందురోజే ఎద్దుల బండ్లలో పోయారు. జీపులో మేం ఐదుగురమే. ముందు నేనూ, పట్టుబట్టలు కట్టుకున్న పెళ్ళికొడుకూ, వెనక అత్తా, తొందరప్పా, పెళ్ళి చేయించే అయ్యవారూ. రోడ్డు పట్టుకుని పోతే చాలా చుట్టు. ఏటికి అడ్డంగా బండ్ల దారిన పడితే ఊరు అవతలి ఒడ్డుకు దగ్గరే. ఏరు ఎండి, ఎటు చూసినా ఇసుకే, మధ్యలో ఎక్కడో ఒక చిన్న పాయ మెరుస్తోంది. ఒడ్డు దిగే చోట బండి ఆపాను.

"అల్లుడా, కోడండ్లిద్దర్నీ పిల్చుకో" అంది అత్త.

"అవసరం లేదత్తా. స్పీడు మీద పోతే ఇసక ఏం చేయలేదు."

"ఆ పిల్లోడు చెప్పేది నిజమేమ్మా" అన్నాడు తొందరప్ప. "యేగంగా పోతే ఇసక పట్టుకునేదానికి టైమే ఉండదు."

"ఇసక ఏమన్నా పోలీసా, టైం చూసుకోని పట్టుకునేదానికి?" అంది అత్త. అయ్యవారు కళ్ళు మూసుకుని ఏదో చదువుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు నా వైపు చూసి తల ఊపాడు. అది సరేననో, వద్దనో తెలియలేదు. నేను సరే అనే తీసుకున్నాను.

పొట్టి కడ్డీలు రెంటినీ ముట్టకుండా ఒడ్డు మీది నుంచి జీపును వదిలాను. నిజం చెప్పాలంటే మొదట్లో అద్భుతంగా ఉంది. ఇసుక రెండు పక్కలా రెక్కల మాదిరి లేచింది. తొందరప్ప వెనక నుంచి నా భుజం మీద చరిచి "భలే, భలే, అట్ల పోనీ!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తయ్యేలోపు బండి బరువెక్కినట్టనిపించింది. నేను ఇంకా తొక్కాను. జీపు ముందు ఎగిరింది, తర్వాత ఈదింది, తర్వాత కూర్చుంది. వెనక చక్రాలు సగం లోపలికి పోయాయి, ఇంజను ఆగిపోయింది. చుట్టూ ఎంత నిశ్శబ్దం అంటే, ఎక్కడో కొంగ రెక్క విదిలిస్తే వినిపించింది.

"వచ్చేసినామా?" అన్నారు అయ్యవారు కళ్ళు తెరవకుండానే.

ఇక దారి లేదు. దిగి హ్యాండిలు తిప్పి ఇంజను లేపాను. ఎవరూ చూడకుండా (నలుగురూ చూస్తున్నారు) నడిపి కడ్డీ వేసి, చిన్న కడ్డీ వేశాను. వేసినవాణ్ణి వేసినట్టుండక, బలం కావాలంటే పూర్తి బలమే కావాలి కదా అని మొదటి గేరు పెట్టి యాక్సిలేటరు అడుగంటా తొక్కాను. బలం రావడం వచ్చింది. ఇందాకటి దాకా రెండు చక్రాలే తవ్వుతున్నాయి, ఇప్పుడు నాలుగూ పోటీపడి తవ్వడం మొదలుపెట్టాయి. బండి ముందుకు ఇంచు కూడా జరగకుండా కిందికి దిగిపోతోంది. కాసేపటికి పొట్ట ఇసుకకు ఆనింది, చక్రాల గుంతల్లో తడి ఊరింది.

అత్త పక్కకు వంగి చూసింది. "నీళ్ళు పడినాయా అల్లుడా? బాయి తవ్వించే ఖర్చు మిగిలె" అంది.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి దోసకాయల బండి ఒకటి వచ్చింది. బండాయన మమ్మల్ని, పట్టుబట్టల పెళ్ళికొడుకునూ చూసి ఎద్దులను ఆపాడు. "మీరేనా పెండ్లోళ్ళు? ఆడ మేనమామ కొడుక్కి తలకు పోసేసినారప్పా. నేను వచ్చేటప్పుడే కొత్త పంచె కట్టిస్తాండారు" అన్నాడు. తొందరప్ప రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అప్పా, నీ ఎద్దుల్ని ఇట్ల కట్టప్పా, గుంజేస్తాయి" అని బతిమాలాడు. జీపును ఎద్దులు లాక్కుపోయాయన్న కబురు ప్రొద్దుటూరు చేరితే నేను చేతిలో బొటనవేలు కాదు కదా, గోరు కూడా కాను. "వద్దు వద్దు, ఇరుసు ఇరిగిపోతాది" అని అడ్డం పడ్డాను. (ఆ సంగతి నాకు అప్పటికప్పుడే తోచింది.) ఇరుసు మాట వినగానే అత్త నా పక్షం తీసుకుంది. బండాయన "మీ ఇష్టమప్పా" అని నాలుగు దోసకాయలు మా చేతిలో పెట్టి పోయాడు. మమ్మల్ని చూస్తే ఆ పూట అక్కడే ఉండిపోయేట్టు అనిపించిందేమో.

అప్పుడు పెళ్ళికొడుకు మాట్లాడాడు. "దిగండి" అన్నాడు.

ఆ ఒక్క మాటకే అందరం దిగేశాం. ఆయన పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, ఇంజను తిప్పే హ్యాండిలు పట్టుకుని చక్రాల ముందర ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతూ నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకర్థం కాలేదు. పొద్దుటి నుంచీ బొమ్మ మాదిరి కూర్చోబెట్టిన మనిషికి చేతికో పని దొరికిందని ఇప్పుడనిపిస్తుంది. ఆయన తవ్వడం చూస్తుంటే, ముందురోజు వినీ వినని మాటలు నా చెవి లోపలి నుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. 'బలం ఇసకకు చూపించద్దు బేటా, ఇసకకు కోపమొస్తాది. లో ఏసి రెండో గేర్ల పెట్టు. కాలు మెత్తగా పెట్టు. టైర్ల గాలి కొంచెం ఇడ్సు. కదిలినాక మాత్రం నీ నాయనొచ్చి అడ్డం నిలబడినా ఆపద్దు.'

ఇవన్నీ నేనే అప్పుడు కనిపెట్టినట్టు గొంతు సవరించుకుని చెప్పాను. అత్త కొప్పులో నుంచి పిన్ను తీసి ఇచ్చింది, దాంతో టైర్ల గాలి సగం తీశాను. ఏటిలో మొలిచిన జమ్ముగడ్డి పెరికి చక్రాల కింద పరిచాం. ఒక చక్రానికి గడ్డి చాల్లేదు. పెళ్ళికొడుకు భుజం మీది పట్టు కండువా తీసి పరిచేశాడు. తొందరప్ప "ఓరే, అది ధర్మవరందిరా!" అని గోల పెట్టాడు.

"పెండ్లికొడుకు ఉంటే కండువా మల్ల దొరుకుతాదిలే నాయనా" అన్నాడు కొడుకు. కొడుకు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం తొందరప్ప ఎప్పుడూ విని ఉండడు.

నలుగురూ వెనక నిలబడ్డారు, అత్త కూడా కొంగు బిగించి. నేను లో వేసి, రెండో గేరు పెట్టి, కాలును పసిబిడ్డ మీద పెట్టినట్టు మెత్తగా పెట్టాను. ఇంజను అరిచింది. జీపు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగింది. తర్వాత, నేను ఆ రోజు దాకా నమ్మనిది జరిగింది. ఇసుక మీద ఒక పెద్ద తాబేలు లేచి నడిచినట్టు, బండి మెల్లగా గుంతలోంచి పైకి వచ్చి, నడక సాగించింది.

"ఆపప్పా! ఎక్కతాము!" అని కేక వేశాడు తొందరప్ప.

"ఆపితే కూరుకుంటాది! ఎగిరి ఎక్కండి!"

"నిలబెట్టప్పా సామీ! పెండ్లికొడుకును ఆడ ఇడ్సి యాడికి పోతాండావు? పెండ్లి నీకా?"

నేను ఆపలేదు. తొందరప్ప పక్కనే పరిగెడుతూ నన్నూ, మా వంశాన్నీ, జీపు అమ్మిన మిలిటరీవాళ్ళనూ తిట్టాడు. బండి నడక వేగంలోనే పోతోంది కాబట్టి తిట్లన్నీ స్పష్టంగా వినిపించాయి, ఏ ఒక్కటీ గాలికి పోలేదు. అయ్యవారు మాత్రం ఎట్లా ఎక్కారో ఎక్కి, నా పక్కన పెళ్ళికొడుకు సీట్లో కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు. పాయలో దిగాం, నీళ్ళు చిమ్ముకుంటూ దాటాం, ఒడ్డెక్కాం. ఒడ్డు మీద ఆపి వెనక్కి తిరిగి చూస్తే, అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ, దోసకాయ కొరుక్కుంటూ తీరిగ్గా నడిచి వస్తోంది. "చిన్న కోడలి మాదిరి ఉండాల రా. అరిస్తే అర్సింది గానీ, పని చేసె" అంది.

గట్టినేల మీదికి వచ్చాం కాబట్టి ఇక 'లో' తీసేసి దర్జాగా పోవచ్చు. కడ్డీ లాగాను. రాలేదు. రెండు చేతులా లాగాను. రాలేదు. కాలితో తన్నాను. అది అక్కడే పుట్టి పెరిగినట్టు కూర్చుంది. సరే, లోలోనే మూడో గేరు వేసి పోదామంటే, గాలి లేని టైర్లు ఆ రాళ్ళ దారిలో చీలిపోతాయి. గాలి కొట్టే పంపు ప్రొద్దుటూరులో మిలిటరీ మామ మంచం కింద ఉంది. ఇంజను ఆపి చూద్దామంటే, ఆగితే తిప్పే హ్యాండిలు ఏటి ఇసుకలోనే మరిచిపోయాం. ఏ దిక్కూ లేదు. పల్లె దాకా అదే అరుపుతో, అదే నడకతో పోవాలి.

పోయాం. ఆ దారిలో మమ్మల్ని ఎవరెవరు దాటుకుపోయారో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మేకల మంద దాటింది. కట్టెలమోపు ఎత్తుకున్న ఇద్దరు ఆడవాళ్ళు దాటారు. అందులో ఒకామె వెనక్కి తిరిగి "ఏందప్పా, అంత అర్సుకుంటా వస్తాండారు, దెబ్బ తగిలిందా బండికి?" అని జాలిపడింది. పెళ్ళికొడుకు జీపు ఎక్కనే లేదు. నడిస్తేనే మేలని ముందు నడుస్తూ, దారిలో రాళ్ళు తీసి పక్కన పెడుతూ, మేకలను అదిలిస్తూ పోయాడు. ఒంటి మీద కండువా లేదు, తల నిండా ఇసుక, పంచె మోకాళ్ళ మీద. వెనక ఆయన కోసం అద్దెకు తెచ్చిన మోటారు, అందులో ఆయన సీట్లో అయ్యవారు. ఊళ్ళోకి అడుగు పెట్టగానే పిల్లలంతా జీపు ముందుకు ఎగబడ్డారు. ఒక చిన్నపిల్ల సరిగ్గా చక్రం ముందు నిలబడి ఏడుపు అందుకుంది. ఆయన ఆ పిల్లను ఎత్తుకుని, అరుగు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ఏదో చెప్పి వచ్చాడు.

పందిరి ముందు మేనమామ తుండుగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన కొత్త పంచెలో స్టెప్నీ పెళ్ళికొడుకు, దిక్కులు చూస్తూ.

"ముహూర్తం అయిపాయ" అన్నాడు మేనమామ. "పెండ్లికొడుకు నడ్సుకుంటా వచ్చె. షరతు రెండూ పాయ. ఇంగ మావోడు కూర్చుంటాడు."

తొందరప్ప ఏడుపు మొహం పెట్టాడు. నాకు జీపుతో సహా భూమిలోకి పోవాలనిపించింది. (పొద్దున నాకు అనుభవమే, మళ్ళీ పోగలను.) అత్త మాత్రం జీపు దిగి, చీర కుచ్చిళ్ళ ఇసుక దులుపుకుని, నెమ్మదిగా అడిగింది: "అన్నా, ఈ బండి శబ్దం మీకు ఎప్పుడినిపించె?"

"ఎప్పుడో ఇనిపించె. పొద్దున్నుంచి ఒకటే గోల, చెవులు పోయినాయి. దానికేమి?"

"ముహూర్తానికి ముందా, తర్వాతా?"

"ముందే. అయితే?"

"అయితే ఏముంది. మోటారొచ్చిందని ఊరంతా ముహూర్తానికి ముందే ఇనుండాది. ఆ మోటారు ఎంబడే పెండ్లికొడుకుండాడు. బండి ఒళ్ళు కొంచెం ఎనకొచ్చె, అంతే కదా. ఏం సామీ?" అని అయ్యవారి వైపు తిరిగింది. అయ్యవారు పొద్దుటి నుంచీ పడిన కష్టానికి తోడు ఆకలి మీద ఉన్నారు. "శబ్దం శాస్త్రానికి ఒప్పుకోదగ్గదే" అని ఏ శాస్త్రమో చెప్పకుండా తేల్చేశారు. జనం గొల్లున నవ్వారు. మేనమామ నవ్వలేదు. శబ్దానికి తాళి కడతారా అని గొంతు పెంచాడు. ఆయన వైపువాళ్ళు నలుగురు ముందుకు వచ్చారు. మాట ముదురుతుందేమోనని వాళ్ళ వైపే చూస్తూ నేను క్లచ్చి మీది కాలు సడలించాను.

అంతలో ఇంట్లోంచి పెళ్ళికూతురు వచ్చింది. ఎవరూ పిలవలేదు, తోడుపెళ్ళికూతురు వెనక పరిగెత్తుతూనే ఉంది. తల వంచుకుని నేరుగా వచ్చి పీట మీద కూర్చుంది. కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, "అయ్యవారిని రమ్మనండి" అంది. మేనమామ తుండుగుడ్డ ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. ఆయన కొడుకు మాత్రం హమ్మయ్య అని ఊపిరి వదలడం పక్కనున్న నాకు కనిపించింది. ఆ పిల్లవాడికి పెళ్ళి మీద కంటే పందిరి వెనక వేగుతున్న బూరెల మీద ధ్యాస అని తర్వాత పంక్తిలో తెలిసింది.

ఆ హడావిడిలో నేను జీపును పందిరి గుంజ దాకా తెచ్చేశానని ఎవరూ చూడలేదు. "వెనక్కి తియ్ అప్పా, పందిరి మీదికి పోతాండావు!" అని ఎవరో అరిస్తే, రివర్సు వేసి నాలుగడుగులు వెనక్కి పోయాను. 'టక్' మని ఒక చప్పుడు. అంతసేపు రెండు చేతులకూ, ఒక కాలికీ లొంగని చిన్న కడ్డీ, వేలు తగిలితే చాలు ఊడి వచ్చేసింది. ముందు చక్రాలు కలిపి గట్టినేల మీద తోలితే లోపల పళ్ళు బిగుసుకుంటాయనీ, కొంచెం వెనక్కి తీస్తే వదులవుతాయనీ మిలిటరీ మామ తర్వాత బోర్లా పడుకునే చెప్పాడు. ఆ రోజు మాత్రం నేను అమ్మవారు కరుణించిందనుకుని దండం పెట్టుకున్నాను.

తర్వాత చాలా ఏళ్ళు జీపు నడిపాను, జీపు పోయాక వ్యాపారం నడిపాను. అత్తా, మామా, మిలిటరీ మామా అందరూ పోయారు. పోయిన ఏడాది పులివెందులలో మా బంధువుల పెళ్ళికి పోతే, పెళ్ళికొడుకు కారు దారిలో ఎక్కడో ట్రాఫిక్కులో ఇరుక్కుంది. అందరూ ఫోన్లు చెవిన పెట్టుకుని కంగారు పడుతున్నారు. నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, తెల్లటి జుట్టు, పెద్ద ముక్కుపుడక, ఏ కంగారూ లేకుండా కూర్చుని ఉంది. "ఎందుకప్పా ఊరికే బాధపడతారు? వస్తాడులే. నా పెండ్లికి నా మొగుడు జీపు ముందర నడ్సుకుంటా వచ్చె" అంది.

నేను కుర్చీ ఆవిడ వైపు జరుపుకున్నాను.

"నాకు అసలు ఇష్టమే లేకపాయ" అని చెప్పుకుపోయింది ఆవిడ. "పట్నం చదువు సదివినోడు, ఎట్లాంటోడో ఏమో. మామ కొడుకా, వాడు ఉత్త తిండిబోతు. ఇద్దర్లో ఎవురొచ్చినా కండ్లు తిరిగినట్ల పడిపోదామనుకోని మిద్దెక్కి చూస్తాంటి. పొద్దున్నుంచి ఒకటే అరుపు, బండి యాడుందో తెలీదు. చూస్తే ఈయప్ప. ఒళ్ళంతా ఇసక, చేత్తో రాళ్ళు తీసి పక్కన పెట్టుకుంటా వస్తాండాడు. మా పక్కింటి పాప బండికి అడ్డం పోతే, ఎత్తుకోని అరుగు మీద పెట్టి గడ్డం పట్టుకోని మాట్లాడె. అప్పుడనుకుంటి, ఈయప్పయితే చేసుకోవచ్చులే అని. దిగొచ్చి పీట మీద కూర్చుంటి. మావాళ్ళు కొట్టుకుంటాండారని కూడా చూడల్యా." ఆవిడ నవ్వింది. "ఇప్పటికీ మాట్లాడడు. తోటలో చెట్లతో మాట్లాడతాడు."

ఇన్నేళ్ళూ ఆ పెళ్ళిని నేను చెడగొట్టబోతే అత్త నాలుక నిలబెట్టిందని అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే నిలబెట్టింది ఆ 'లో' గేరు నడకేనట. ఆశ చావక అడిగాను: "ఆ జీపు తోలినోడు ఎవరమ్మా? గుర్తుందా?"

"సరింగ చూడల్యా అప్పా. ఎవురో శానా ముసలాయన. పాపం, అంత మెల్లగా తోలుతాండె."

అప్పుడే బయట బాజాలు మోగాయి, పెళ్ళికొడుకు కారు వచ్చింది. ఆవిడ లేవబోతూ చెయ్యి చాపింది. నేను పట్టుకుని లేపాను. ఆవిడ మాటను సరిదిద్దాలని నోటి దాకా వచ్చింది గానీ, ఊరుకున్నాను. ఆ రోజు ఆవిడ తప్పుగా చూసింది నిజమే. కానీ ఇప్పుడు ఆ ముసలాయన అచ్చంగా నేనే కదా. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తొందరేమీ లేకుండా, పందిట్లోకి నడిచాం.